నవ్వుకోవడానికి కొన్న బొమ్మ

నా చిన్నప్పుడు మేము కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్ళం. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పక్క ఫ్లాట్‌లోని విజయవాడ ఆంటీ ఒక మ్యూజియంలో బొమ్మల గదులకు కాపలా ఉండేది. పాత అచ్చుబొమ్మలు ప్రదర్శనకు పెట్టారని ఆమె చెబితే, ఆమె డ్యూటీ ఉన్న ఒక ఆదివారం నాన్న ఆఫీసు స్నేహితుల కుటుంబాలతో కలిసి వెళ్ళాం.

అవి వందల ఏళ్ళ కిందట నెదర్లాండ్స్‌లో రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసినవి. అరచేతిలో ఇమిడేంత బొమ్మలు. ఒకదానిలో రైతూ భార్యా సంతకు పోతున్నారు. అతని చేతిలో గుడ్ల బుట్ట. ఆమె నోరు తెరిచి అతన్ని ఏదో అంటోంది.

నాన్న స్నేహితుడొకాయన అమ్మ వైపు తిరిగి, "వదినగారూ, ఈవిడ అచ్చం మీ ఊరావిడలాగే ఉందండీ. ఏమంటోందో మీ భాషలో చెప్పండి" అన్నాడు.

అమ్మది వరంగల్ దగ్గర పల్లె. ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు ఇలా అడిగేవారు.

"ఏందయ్యా, గట్ల ఉరుకుతవ్? గుడ్లు పల్గుతయ్, జర పైలం!" అంది అమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

ఆంటీ నవ్వలేదు. నన్ను పిలిచి బొమ్మ ముందు నిలబెట్టింది. "ఇందులో ఎవరైనా నవ్వుతున్నారేమో చూడమ్మా."

"నో వన్, ఆంటీ."

"వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. ఇట్లాంటి బొమ్మలు కొనుక్కున్నది పట్నం వాళ్ళు, పల్లెటూరి వాళ్ళని చూసి నవ్వుకోడానికి. ఇప్పుడు మీ అమ్మని చూడు."

చూశాను. అమ్మ పెదవుల మీద ఇంకా నవ్వుంది. కళ్ళు మాత్రం నాన్న మీద ఉన్నాయి. నాన్నది అమ్మ పక్క ఊరే. పెళ్ళినాటికి ఆయన యాసా అదే. అక్కడ అందరికంటే గట్టిగా నవ్వుతున్నది ఆయనే.

కారులో అమ్మ ఒక్క మాటే అంది. "నువ్వు గూడ నవ్వితివి గదా."

"సరదాకి అన్నారు. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు నాన్న.

ఆ తర్వాత అమ్మ పదిమందిలో నోరు విప్పడం తగ్గించింది. మెల్లగా నాతో కూడా ఇంగ్లీషులోకి మారిపోయింది. తన సొంత మాట పిన్నితో ఫోన్‌లోనే, అదీ తలుపు వేసుకుని. అందుకే అమ్మ భాష నాకు అర్థమవుతుంది, నోటికి రాదు.

ఎక్కడైనా నలుగురు నవ్వుతుంటే నా చూపు ముందు నవ్వులపాలైన మనిషి వైపు పోతుంది. అది ఆంటీ నేర్పిందే. నాన్న చెడ్డవాడు కాడు, నాకోసం ఎంతో చేశాడు. అయినా ఆయన నవ్వినప్పుడు నేను ఇంతవరకు కలిసి నవ్వలేకపోయాను.