రేడియేటర్లో పసుపు

ముప్పై ఏళ్ళుగా ఒక మనిషి నన్ను మంచివాడని నమ్ముతున్నాడు. నేను మోస్తున్న బరువు అదే. అతను తిట్టి ఉంటే, కాలర్ పట్టుకుని ఉంటే, ఈ బరువు ఎప్పుడో దిగిపోయేది. అతను తిట్టడు. నా పేరు వినబడితే చాలు, సారు బంగారమంటాడట. బంగారం!

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ ముందు నోరు తెరిచే ధైర్యమే ఉంటే ఈ రాత అవసరమే లేదు. నా పేరు రాయను. పిరికివాడంటారా, అనండి. అంతకంటే చిన్న మాట నాకు సరిపోదు కూడా.

నేను మస్కట్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. ఎనభైల చివర్లో మా మేనేజరు ఉద్యోగం మానేసి ఇంగ్లండు వెళ్ళిపోతూ తన అమెరికన్ కారు అమ్మకానికి పెట్టాడు. మెరూన్ రంగు. పడవంత పొడుగు. లోపల మఖమల్ సీట్లు, మీట నొక్కితే ముందుకీ వెనక్కీ వాటంతట అవే జరుగుతాయి. స్పీడు చూపించడానికి ముల్లు ఉండదు, ఆకుపచ్చ అంకెలు వెలుగుతాయి. మావాళ్ళంతా చిన్న చిన్న జపాన్ బళ్ళు కొనుక్కుని బుద్ధిగా తిరుగుతున్నారు. నాకా బుద్ధి లేదు, కొన్నాను. ఎందుకు కొన్నాను? రూవీ బజార్లో మన తెలుగువాళ్ళు టీ తాగే హోటల్ ముందు ఆ బండి ఆపి, తలుపు తీసుకుని దిగితే అందరూ ఎలా చూస్తారో చూడాలని. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదైనా దొరుకుతుందేమోనని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

మొదటి ఏడాది రాజభోగం. బయట నిప్పులు కురుస్తుంటే లోపల దుప్పటి కప్పుకోవాలనిపించే చలి. స్పీడ్ బ్రేకర్లు వచ్చినట్టే తెలిసేది కాదు. తర్వాత మొదలైంది పీడ. సాయంత్రం నిటారుగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి వెనక భాగం కుంగిపోయి, అలిగిన పెళ్ళికొడుకులా కూర్చునేది. ఒక రోజు సీటు జరగదు, ఇంకో రోజు అంకెలు వెలగవు. పార్టు కావాలంటే అమెరికా నుంచి రావాలి. వచ్చే నెల వస్తుందనేవారు, ఆ వచ్చే నెల మాత్రం ఎప్పటికీ వచ్చేది కాదు. పైన పటారం, లోన లొటారం. ఆ సామెత కారుకు ఎక్కువ సరిపోతుందో నాకు ఎక్కువ సరిపోతుందో మీరే చెప్పాలి.

చివరికి రేడియేటర్ కారడం మొదలైంది. వాదీ కబీర్‌లో ఒక పెషావర్ ముసలాయన గ్యారేజీ ఉండేది. ఆయన బానెట్ ఎత్తి చూసి, చేతులు తుడుచుకుంటూ ఒకే మాటన్నాడు. “సాబ్, సిటీ మే చలేగా. లంబా మత్ లే జానా.” ఊళ్ళో తిరగడానికి పనికొస్తుంది, దూరం మాత్రం తీసుకెళ్ళొద్దని. విన్నాను. చక్కగా అర్థమైంది. ఆ సాయంత్రమే బండి అమ్మేస్తున్నానని నలుగురికీ చెప్పాను.

అప్పుడు వచ్చాడు మస్తాన్.

మస్తాన్ కడప మనిషి. అల్ మవాలేలో ఒక ఒమానీ పేరు మీద చిన్న దర్జీ షాపు నడుపుకునేవాడు. అక్కడి మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల దిష్‌దాషాలకు మెడ దగ్గర ఒక చిన్న కుచ్చు వేలాడుతుంది. మస్తాన్ అల్లిన కుచ్చు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. నా ప్యాంట్లు కూడా అతనే కుట్టేవాడు. సార్, సార్ అంటూ తిరిగేవాడు. నేను చదువుకున్నవాణ్ణని, నాకన్నీ తెలుసని అతని నమ్మకం. నేనేమైనా కాదన్నానా? లేదు. ఆ పిలుపు నాకూ బాగానే ఉండేది.

అప్పుడే రెండొందల కిలోమీటర్ల అవతల సోహార్‌లో ఒక కంపెనీ తన వర్కర్ల యూనిఫారాలన్నీ కుట్టే పని అతనికి ఇచ్చింది. నెలనెలా బట్టలు అక్కడికి చేర్చాలి. అంటే అతను నా బండి కొనేదే దూరం వెళ్ళడానికి. ఇది నాకు తెలుసు. దయచేసి దీన్ని దాటుకుని చదవకండి. అతను సోహార్ వెళ్తాడని తెలిసే అమ్మాను.

శుక్రవారం పొద్దున్నే వస్తానన్నాడు. అతను రాకముందు వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా తీశాను. మన లారీ డ్రైవర్లకు తెలిసిన కిటుకే. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు పోస్తే చిల్లులో చేరి మూసుకుంటుంది, పక్క ఊరి దాకా బండి నడుస్తుంది. పక్క ఊరి దాకా మాత్రమే. తర్వాత అదే పసుపు సన్నటి గొట్టాల్లో మడ్డిలా పేరుకుని నీళ్ళను ఆడనివ్వదు. ఇది కూడా నాకు తెలుసు. పసుపు డబ్బా ఎక్కడికండీ అని మా ఆవిడ అడిగింది. కారుకు బొట్టు పెడదామని అన్నాను. “అమ్మేసే కారుకు పూజేంటండీ, చోద్యం కాకపోతే!” అని నవ్వింది. నేనూ నవ్వాను. కిందికి దిగి, చుట్టూ చూసుకుని, మూత తీసి పోశాను. గుప్పెడు చాలదేమోనని ఇంకో గుప్పెడు పోశాను. కారడం ఆగిపోయింది.

మస్తాన్ డిక్కీ తెరిచి చూసి మురిసిపోయాడు. ఇందులో మిషను పెట్టుకుని కుట్టుకోవచ్చు సార్ అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటంగా, బండి ఎట్లుంది సార్ అనడిగాడు. నేను ఎక్కి తిరుగుతున్న బండి కదయ్యా, ఎలా ఉంటుందన్నాను. నేను నోటితో అబద్ధం ఆడలేదట! ఎదురు ప్రశ్న మాత్రమే వేశానట! ఇలాంటి లెక్కలు నాకు బాగా వచ్చు. బిస్మిల్లా అని అతను తాళాలు అందుకున్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. మధ్యలో ఒకసారి ప్యాంటు తీసుకోవడానికి వెళ్తే, రేడియేటర్లో నీళ్ళు తగ్గాయని పక్క తోటలో బావి నీళ్ళు పోశానని చెప్పాడు. సముద్రం ఒడ్డు ఊళ్ళు, బావుల్లో ఉప్పునీళ్ళే ఉంటాయి. ఆ మాట నేను మర్చిపోలేదు. ఎందుకు దాచి పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. డిక్కీ నిండా యూనిఫారాలతో సోహార్ దారిలో ఉండగా బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. మస్తాన్ పక్కకు ఆపాడు. కాసేపు ఆగాడు కూడా. తర్వాత ఒక బట్ట నాలుగు మడతలు పెట్టి రేడియేటర్ మూత తిప్పాడు. మరిగిన నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్మాయి. దారిన పోయే నీళ్ళ ట్యాంకర్ డ్రైవరెవరో ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాడు. కుడి కన్ను పోయింది. కుడి చేతి వేళ్ళు బిగుసుకుపోయాయి. దర్జీ కన్ను, దర్జీ వేళ్ళు.

విషయం తెలిసిన రోజు అన్నం సయించలేదు. బాధతోనా? కొంత బాధ. ఎక్కువ భయం. ఆసుపత్రికి వెళ్ళాను. మొహానికి సగం కట్టు. గొంతు విని గుర్తుపట్టాడు.

“వచ్చినారా సార్. కూచోండి.” నేను కూచోగానే అడిగాడు. “నీళ్ళు పసుప్పచ్చగా ఎగిరినాయి సార్. చొక్కా అంతా పసుపే. ఎందుకట్లయింది సార్?”

అతను అడిగింది అంతే. నన్ను అనుమానించి కాదు. నాకన్నీ తెలుసు గదా, అందుకని అడిగాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను తడుముకున్నాను.

“అది తుప్పయ్యా. బావినీళ్ళు పోశానన్నావుగా? ఉప్పునీళ్ళు లోపలంతా తినేస్తాయి.”

“నాకు తెల్దే సార్.”

“తెలియకపోవడమేంటి? తాళాలిచ్చేటప్పుడే చెప్పాను గదా మస్తాన్! మంచినీళ్ళు తప్ప పోయొద్దని, దూరం తీసుకెళ్ళొద్దని. చెప్పానా లేదా?”

అతను ఆ శుక్రవారాన్ని గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నాడు. నొప్పికి వేసిన ఇంజెక్షన్ల మత్తు ఇంకా దిగలేదు. అలాంటి మనిషి జరగని మాట కోసం తన బుర్రంతా వెతుక్కుంటుంటే నేను మంచం పక్కన కూర్చుని చూశాను.

“చెప్పింటారు సార్,” అన్నాడు చివరికి. “మీరు చెప్పకుండా ఎట్లుంటారు? బండి వచ్చిందనే కుశాల్లో నేనే మర్సిపోయింటా. మీరేం మనసులో పెట్టుకోవద్దు సార్.”

నన్ను ఓదార్చాడు! ఆ స్థితిలో! సరేలే, జాగ్రత్త అని చెప్పి లేచి వచ్చేశాను.

మూత తీసింది అతనే గదా అని మీరు అనవచ్చు. వేడి మీద మూత తీయకూడదని ఎవరికి తెలియదు? ఈ వాదన నేను కొన్ని వేలసార్లు నాకు నేనే వినిపించుకున్నాను. అందులో నిజముంది. ఆ నిజం వెనక దాక్కోవడానికి చోటు కూడా బాగానే ఉంది. కానీ మూత తీసిన తప్పుతో అతను సరిపెట్టుకునేవాడు. సారు హెచ్చరించినా వినకుండా తన కొంప తానే ముంచుకున్నానన్న తప్పు నేను తయారుచేసి అతని చేతిలో పెట్టాను. బండిలో పోసిన పసుపు కంటే మనిషిలో పోసిన ఈ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

తర్వాత అన్నీ పద్ధతిగా జరిగిపోయాయి. షాపు చేతులు మారింది. అతను ఇంటికి వెళ్ళిపోవడానికి తెలుగువాళ్ళం చందాలు వేసుకున్నాం. ఇంటింటికీ తిరిగి వసూలు చేసింది ఎవరనుకున్నారు? నేనే. ఎంత మంచి మనసండీ మీది అన్నారందరూ. తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు.

నేను కూడా ఉద్యోగం వదిలి వచ్చేశాక, ఏదో పని మీద కడప వెళ్ళాను. చెప్పేద్దామనే వెతుక్కుంటూ వెళ్ళాను. ఇది నిజం, నమ్మితే నమ్మండి. మస్తాన్ వాళ్ళన్న బట్టల కొట్లో ఒక మూల కూర్చుని దారాలు, బొత్తాలు అమ్ముతున్నాడు. నన్ను చూడగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ బిగుసుకుపోయిన వేళ్ళు నా అరచేతికి తగిలాయి. కొట్లో ఉన్నవాళ్ళందరికీ నన్ను చూపించాడు. “ఈ సారు మాట ఇనుంటే నాకీ పొద్దు కన్నుండేది” అన్నాడు. అన్నకొడుకులు వినయంగా తలూపారు. ఆ కథ వాళ్ళకు కొత్త కాదని, పెద్దల మాట వినాలని చెప్పడానికి ఆ ఇంట్లో వాడుకునే కథేనని అర్థమైంది. టీ తెప్పించాడు. తాగాను. వచ్చేశాను.

మస్తాన్ బతికే ఉన్నాడు. అతనికే చెప్పొచ్చు గదా అంటారు. చెప్పాలి. ఈ వయసులో అతని మనసు విరిచేయడం ఎందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఉంటాను. చూశారా, ఇప్పటికీ అతని మేలు కోరుతున్నవాడిలాగే మాట్లాడుతున్నాను. మేలూ లేదు, పాడూ లేదు. ఉత్త భయం.

క్షమించమని మిమ్మల్ని అడగను. పోయింది మీ కన్ను కాదు. ఒక్కసారి ఎక్కడో ఒకచోట నిజం నిజంగా రాస్తే కొంచెం ఊపిరాడుతుందనిపించింది. ఆడుతోంది. అందుకని రాసేస్తున్నాను. నేను చెప్పలేదు. మంచినీళ్ళే పోయమని చెప్పలేదు. దూరం వద్దని చెప్పలేదు. పసుపు సంగతి చెప్పలేదు. మస్తాన్ ఏదీ మర్చిపోలేదు.