దీవి జనం పడవ

దుబాయ్ అల్ ఖూజ్‌లో ప్రదర్శనలకు నమూనాలు చేసే షెడ్డు అది. పెద్దిరాజు చెక్కిన ఓడను చూడటానికి పక్క షెడ్డులవాళ్లు కూడా వచ్చారు. రెండు మూరల ఓడ. వెనకభాగం నిండా పూలతీగలు, కిటికీలు. ఆ ఒక్క భాగం చెక్కడానికే మూడు వారాలు పట్టింది. తాళ్లరేవులో పడవలు కట్టిన చేయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్లు కొడుతుంటే చూసి పట్టుకున్నాడు. అక్కడ పని తగ్గాక దుబాయ్ వచ్చి పన్నెండేళ్లు సెంట్రింగ్ చెక్కలు కొట్టాడు. 2022లో ఈ షెడ్డులో చేరి మళ్లీ ఉలి పట్టాడు.

ఇప్పటి ఆర్డరు, 1635లో ఫ్రెంచివాళ్లు మార్టినిక్ దీవిలో దిగిన దృశ్యం. ఒడ్డున కోట, నీళ్లలో ఓడ, పక్కన అక్కడి కలినాగో జనం పడవలు నాలుగు. పడవలు మాత్రం మెషీన్లో పోసిన ప్లాస్టిక్‌వి, వేలెడంత. పెద్దిరాజు ఒకటి తీసి తిప్పి చూశాడు.

"ఏవండీ తన్మయి గారూ, ఈళ్లు ఇందులో సముద్రం మీద తిరిగేవోరా?"

డిజైన్ పని చూసే తన్మయిది హైదరాబాద్. ల్యాప్‌టాప్‌లో చదివి చెప్పింది. "దీవి నుంచి దీవికి పోయేటోళ్లంట. మొదట్ల ఫ్రెంచోళ్లతోని సరుకులు మార్చుకున్నరు. తర్వాత పొగాకు తోటలకని వీళ్ల నేల గుంజుకున్నరు వాళ్లు. 1658ల మిగిలినోళ్లని తరిమేసిన్రు."

"ఎక్కడికెళ్లారండి?"

"బతికినోళ్లు డొమినికా, సెయింట్ విన్సెంట్ దీవులకి. పడవల్లనే."

"ఈ పొట్టి అంచులకి మొదటి అలకే నిండిపోద్ది కదండీ! పిల్లాజెల్లాతో ఎక్కినోళ్లని మనమే ముంచేత్తామా?"

షెడ్డు ముదీర్, అంటే మేనేజరు, బుడేన్ సాహెబ్‌ది కడప. "జనం నీ ఓడ చూసేకి వస్తారప్పా. ఆ తొట్లను ఎవరు చూస్తారు? సోమవారం పొద్దున పికప్ వస్తాది. యల్లా, ఖలాస్ చెయ్."

"ఆదివారం నా సెలవే కదండీ సాయిబు గారూ. ఓ పడవ నేనే చెక్కుతాను."

ఒకే మాను తొలిచి, వేడితో వెడల్పుగా తెరిచి, అంచులకు పలకలు కుట్టేవారని తన్మయి వెతికి చెప్పింది. పెద్ద పడవలు అలాంటి ఓడలో సగం పొడుగుండేవట. అంటే ఈ నమూనాలో మూరెడు.

ఆదివారం పెద్దిరాజు అలవాటుకొద్దీ ఓడకు మిగిలిన టేకు ముక్కే తొలిచాడు. వేడినీళ్లు పోసి తెరవబోతే నిలువునా పగిలింది. పలకైతే వంగేది. ఎండిన మాను విచ్చుకోదు, పచ్చిదే కావాలని అప్పుడు తట్టింది. తనను తాను తిట్టుకుంటూ బయటికెళ్లి, రోడ్డు పక్క కొట్టిపడేసిన లావుపాటి పచ్చి వేపకొమ్మ ఒకటి ఏరుకొచ్చాడు. తొలిచి, మరిగే నీళ్లు పోస్తూ, అడ్డపుల్లలు ఒక్కొక్కటే బిగించాడు. సాయంత్రానికి అది పొట్ట విప్పుకుంది. బీటలివ్వకుండా నూనె పట్టించి, పలకలు దారంతో కుట్టాడు. తన్మయి ఫోటో పంపితే ఆర్డరిచ్చినవాళ్లు, చోటుంటే పెట్టమన్నారు.

సోమవారం చూస్తే నమూనా నీళ్లలో చోటు లేదు. ఓడ అడ్డంగా పరుచుకుని ఉంది.

పెద్దిరాజు మరలు విప్పి దాన్ని నిలువుగా తిప్పాడు. దిగడానికొచ్చే ఓడ కనుక ముక్కు ఒడ్డువైపు ఉండాలి. ప్రదర్శన చూసే జనం నిలబడేదీ ఒడ్డువైపే. చెక్కిన వెనకభాగం గోడవైపు పోయింది.

"ఏందప్పా, మూడు వారాల పని గోడకు చూపిస్తావా?"

"ఓడకి ఏటీ కాదండి. పడవకి చోటు కావాలి."

వేప పడవ ముందుకొచ్చింది. బుడేన్ సాహెబ్ వంగి దాని కుట్లు చూశాడు. నాలుగు ప్లాస్టిక్ పడవల్నీ ఏరి చెత్తడబ్బాలో వేశాడు.

"దీని పైన గాజుమూత ప్రదర్శన కాడికి నువ్వే పోయి బిగించు. పికప్ వాళ్ల చేతికియ్యాకు," అన్నాడు.