ఉమ్మడి పనస

రాజాం బజారులో పనసపండు కోస్తున్న వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి.

నాన్నకూ పెదనాన్నకూ ఉమ్మడిగా ఒక పనసచెట్టు ఉండేది. పొలం పంచుకున్నారు గానీ చెట్టును పంచలేక, ప్రతి పండునూ సగం చేసుకునేవారు. కోసేది ఒకరైతే, ముందు ఎంచుకునేది రెండోవారు.

నాన్న చనిపోయిన ఏడాది తొలిపండు దించారు.

"మీ అయ్య పోనాడు కదేటి, ఇంక సెట్టంతా మాదే" అన్నాడు పెదనాన్న కొడుకు. మనిషితోపాటు వాటా కూడా పోతుందని నమ్మి, నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

పెదనాన్న కత్తికి నూనె రాస్తూ నన్ను చూశాడు. "ఒసే, అక్కడే నిలబడ్డావేటి? తట్ట తే."

"మాకు వాటా నేదంట కదా."

"ఎవుడన్నాడే? నా తమ్ముడు పోనాడు గానీ ఆడి సగం ఎక్కడికి పోద్ది? అది నీదీ, మీ అమ్మదీ." పండును నిలువునా కోసి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఏ సగం కావాలో సూసుకో."

అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని, పాత కాగితాలు కూడబలుక్కుంటూ చదివాను. చెట్టున్న జాగాలో సగం అమ్మ పేరనే రాయించాడు పెదనాన్న. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు. ఆయన ఏం రాయించుకుని తెచ్చినా అమ్మ వేలిముద్ర వేసేసేది.