అత్తమ్మ ఎండబెట్టిన బ్యాటరీ

మొన్న పెద్దమందడి దగ్గర మా చేలో మందు కొట్టడానికి డ్రోన్ తెప్పించాం. మునుపు నలుగురు మనుషులు వీపున పంపులు మోసుకొని పొద్దంతా తిరిగే పని, ఇప్పుడు గట్టు మీద నిలబడి డ్రోన్ నడిపే కుర్రాడొక్కడే చేసేస్తున్నాడు. అంతవరకూ ముచ్చటగానే ఉంది. డ్రోన్ కిందికి దిగగానే అతను దాని బ్యాటరీ ఊడదీసి, అది ఇంకా వేడిగా ఉండగానే ఎండలో ఉన్న ఆటో మీద పెట్టి చార్జర్ తగిలించబోయాడు. నా నోరు ఊరుకోదు కదా. "జర సల్లారనియ్యి తమ్మీ. నీడకు పెట్టి, సల్లారినంకనే కరెంటు పెట్టు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "నీకెట్ల ఎరుక పెద్దాయనా?" అన్నాడు. ఎట్లా ఎరుకేమిటి, ఈ ఒక్క సంగతి మీద గద్వాలలో మా అక్క కాపురం కొన్నాళ్లు అతలాకుతలమైంది.

రెండు వేల ఎనిమిది ప్రాంతం అనుకుంటాను. అక్క గద్వాలలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. ఒకసారి ట్రైనింగుకని హైదరాబాదు వెళ్లి, అక్కడ ఏదో మైదానంలో ఎవరో రిమోటుతో చిన్న విమానాన్ని ఎగరేస్తుంటే చూసింది. అంతే, పట్టుకుంది. అక్క దేన్నైనా పట్టుకుంటే వదిలించడం మా నాయన వల్లే కాలేదు, ఇక మా బావ వల్ల ఏమవుతుంది? బావ మంచివాడు. అంటే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకొని ఇంట్లో జరిగేదేదీ చూడనివాడు. ఆ పేపరు వెనకాలే అక్క థర్మకోలు షీట్లు కోసి, అతికించి, తలుపులోంచి పక్కకు తిప్పితే తప్ప పట్టనంత విమానం చేసింది. మోటారు, రిమోటు, రెండు బ్యాటరీలు హైదరాబాదులో స్నేహితురాలి ద్వారా తెప్పించుకుంది. ఆ బ్యాటరీని లైపో అంటారు, లిథియం పాలిమర్. ఇనుప డబ్బా ఉండదు, గట్టి తొడుగు ఉండదు, చూడటానికి బిస్కెట్ ప్యాకెట్టులా మెత్తగా ఉంటుంది. విమానాన్ని ఎగరేసి చూపిస్తే, పిల్లలకు నేర్పడానికి కాలేజీలో ఒక క్లబ్బు పెట్టనిస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. అక్క నిద్రలోనూ ఆ క్లబ్బే కలవరించేది.

అక్క అత్తగారిది రాయచూరు వైపు. మనం వడియాలంటాం, ఆమె సండిగెలంటుంది. ఆ వేసవిలో మిద్దె మీద చీర పరిచి సండిగెలు పెడుతూ, షెల్ఫులో ఉన్న బ్యాటరీ గుర్తొచ్చి, దాన్నీ తెచ్చి పక్కన పెట్టింది. ఆమెను అనడానికేం లేదు. టార్చిలైటు మసకబారితే సెల్లులు తీసి గోడ మీద ఎండబెట్టడం మా వైపు ఇంటింటి వైద్యం. మా ఇంట్లో ట్రాన్సిస్టరు సెల్లులకు ఎండతో పాటు పంటిగాట్లు కూడా పడేవి. కోడలు పొద్దున "చార్జింగు తగ్గింది" అనడం విన్నది, ప్రేమకొద్దీ చేసింది. సాయంత్రం అక్క కాలేజీ నుంచి రాగానే, "నీ సెల్లు గూడ ఎండకు పెట్టిన బిడ్డా. సూడు, ఎంత మంచిగ పొంగిందో" అని సంతోషంగా చెప్పింది. అక్క మిద్దెక్కి చూసింది. ప్యాకెట్టు చిన్న దిండులా ఉబ్బి ఉంది. అక్క అరవలేదు. పొడుగు కాడ అట్లకాడ తెప్పించి, బ్యాటరీని దాని మీదికి మెల్లగా జరుపుకొని, చెయ్యి బారచాపి మెట్లు దిగింది. "అందరు దూరం జరగుండ్రి" అన్నది ఒక్కటే మాట. వాకిట్లో మధ్యన పెట్టి ఇవతలికి వచ్చిందో లేదో, అది బుస్సుమని తెల్లటి పొగ కక్కి, భగ్గున మండింది. తీగ మీద ఆరేసిన అత్తమ్మ చీరకు పిడికిలంత కంత పడింది. గొంతు పట్టేసే ఆ వాసన పొద్దుపోయేదాకా పోలేదు.

అత్తమ్మ తీగ మీది చీర తీసి ఆ కంత చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అన్నది. "తప్పు నాదే. గని ఇయ్యాల నేను జేసిన, రేపు ఇంకొకరు జేస్తరు. ఇల్లు కాలినంక ఎవరు జేసిండ్రని అడిగితె ఏం లాభం? ఇది ఇంట్ల ఉంటె నేనుండ." ఆమె అన్నది నిజమని ఫిజిక్సు చదివిన అక్కకు తెలుసు. "ఒక్కసారి ఎగరనియ్యి అత్తమ్మా. ఈ లోపల్నో, తర్వాతనో ఇంకోపారి పొగ లేస్తె నేనే అన్నీ పారేస్త" అని మాటిచ్చింది.

ఇక చూడాలి అక్క పట్టుదల. బావ మొదటిసారి పేపరు పక్కన పెట్టి, రాజోలి నుంచి స్కూటరు మీద తుంగభద్ర ఇసుక మూట తెచ్చాడు. అంటుకున్నా మంట బయటికి పాకకుండా దాన్ని వెడల్పు మూతి కుండలో పోసి, మిగిలిన ఒక్క బ్యాటరీని అందులో ఉంచి, ఇంట్లో చల్లటి మూలన పెట్టారు. చార్జింగు పెడితే వాకిట్లో నీడన ఉన్న బండ మీదే, దాని సొంత చార్జరుతోనే. పక్కన గుడ్డ ముక్క కూడా ఉండకూడదు. కాపలా ఉన్న మనిషి లేస్తే ప్లగ్గు పీకాల్సిందే. అక్క దాన్ని పూర్తిగా నింపి దాచదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. నేను చూడ్డానికి వెళ్లిన రోజు, "ఇది అయినంకనే చాయ్" అని సొంత తమ్ముణ్ణని కూడా చూడక నన్ను గంటసేపు ఎండబెట్టింది. అత్తమ్మ దూరంగా పీట వేసుకొని, పొయ్యి మీది పాలను చూసినట్టు దాన్నే చూస్తూ కూర్చునేది. ఆ చూపులో నమ్మకం లేదు, కాపలా ఉంది.

ఎగరేసే రోజు గాలి లేవకముందే కాలేజీ మైదానానికి అందరం వెళ్లాం. ప్రిన్సిపాల్ ఇంకా రాలేదు. ముందుగా ఒకసారి చూసుకుందామని అక్క వదిలింది. విమానం లేచి, గోల్‌పోస్టు దాటి, గద్వాల కోట వైపు తిరిగి మా నెత్తుల మీద చక్కర్లు కొట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. ఇందులో సిగ్గుపడటానికేం ఉంది, మా అక్క చేసిన విమానం మరి. నాలుగో చుట్టులో గాలి ఒక్క తోపు తోసింది, ముక్కు నేరుగా కంకరలో గుచ్చుకుంది. రెక్కలు బాగానే ఉన్నాయి. ముక్కు విరిగింది. బ్యాటరీ ఒక మూల కాస్త నొక్కుకుపోయింది, అంతే. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ జీపు దిగాడు.

"టేపేస్తె అయితది మేడం" అన్నారు పిల్లలు. "బాగానే ఉంది కదమ్మా, ఒక్క రౌండు చూపించండి" అన్నాడు ప్రిన్సిపాల్. నాకూ అలాగే అనిపించింది. అక్క బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూసి, "పైకి బాగనే ఉంటది సార్. దెబ్బ తగిలినంక దీన్ని నమ్మొద్దు. ఇయ్యాల ఎగరదు" అని, వెంట తెచ్చిన ఇసుక కుండను మైదానం మధ్యకు మోసుకెళ్లి, అందులో పెట్టి దూరం వచ్చింది. ఆయన గడియారం చూసుకొని, క్లబ్బు సంగతి వచ్చే ఏడాది చూద్దామని జీపెక్కాడు. పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. బావ టిఫిను మాటెత్తాడు. "మీరు పోండ్రి, నేను కూసుంట" అన్నది అక్క. క్లబ్బు పోయిందన్న బాధ ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా కుండ మీంచి చూపు తిప్పలేదు. అత్తమ్మ వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. వెళ్లకుండా ఆగిన మాకు విసుగొచ్చింది. అప్పుడు లేచింది పొగ, ఆ తర్వాత మంట. ఇసుకలో తనంతట తాను మండి, తనంతట తానే ఆరింది. చుట్టూ ఖాళీ మైదానం, కాలడానికి గడ్డిపరక కూడా లేదు. అక్క లేచి, "మాటిచ్చిన గద అత్తమ్మా. అన్నీ పారేస్త" అన్నది. అత్తమ్మ ఆ కుండ వంకే చూస్తూ, "అది నీ చేతుల ఉండంగ కాలలె, జీపు సారు ముంగట కాలలె. నువ్వు పెట్టిన కాడ కాలింది. ఇంకోటి తెప్పియ్యి, నేను కాపలుంట" అన్నది.

క్లబ్బు మరుసటేడు వచ్చింది. ఎందరో పిల్లలు ఎగరేశారు, అత్తమ్మ ఉన్నన్నాళ్లూ బ్యాటరీలు చార్జింగు పెట్టే ఆ వాకిటి బండ దగ్గర పీట వేసుకొని కూర్చునే ఉంది. ఆ పొద్దు మైదానంలో అక్క ఏమీ చేయకుండా కుండను చూస్తూ కూర్చున్న ఆ కాసేపే, ఆ ఇంట్లో ఆమెకు విమానాలు ఎగరేసే తర్వాతి ఏళ్లన్నీ సంపాదించి పెట్టింది.