చెప్పింది చెప్పినట్టు

నా చిన్నప్పుడు మేం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్నకీ పక్కింటి బాబాయికీ ఒకే షెడ్‌లో డ్యూటీ. ఆ బాబాయి కొడుకుని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. పసితనంలో వచ్చిన జ్వరంతో అతనికి చూపు పోయింది. వాళ్ళమ్మా చెల్లెలూ పుస్తకాలు పైకి చదువుతుంటే విని గుర్తు పెట్టుకునేవాడు. అలాగే బి.ఏ. ఆఖరి సంవత్సరం దాకా వచ్చాడు. ఆ తర్వాత బి.ఎడ్. చేసి మాస్టారు కావాలని అతని కోరిక. దానికి డిగ్రీలో మంచి మార్కులు రావాలి.

అతను చెబుతుంటే పరీక్షలో రాసిపెట్టడానికి ఒక మనిషి కావాలి. రైటర్ అంటారు. రైటర్ పరీక్ష రాసేవాళ్ళకన్నా తక్కువ తరగతి చదివి ఉండాలి, ఇంట్లోవాళ్ళు అయి ఉండకూడదు, ప్రిన్సిపాల్ అనుమతి ఉండాలి. అవీ యూనివర్సిటీ నియమాలు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. నా హిందీ దస్తూరి బాగుంటుందని బాబాయి వచ్చి మా నాన్నని అడిగాడు. మా అమ్మకి మాత్రం భయం.

"పిల్లేదైనా తప్పు రాసీసిందనుకో, ఆ అబ్బాయికి ఏడాదంతా పోతాది. మనకెందుకిది?" అంది నాన్నతో.

వరండాలో నిలబడ్డ అన్నయ్యకి ఆ మాట వినపడింది. "నాకొదిలీ పెద్దమ్మా, నేను నేర్పుకుంటాను" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి వాళ్ళ వరండాలో చాప మీద అతను చెప్పడం, నేను రాయడం. నాకు నిలకడ తక్కువ. ఒకచోట కూర్చుంటే కాళ్ళు ఊరుకునేవి కావు. అతను వాక్యం మధ్యలో ఆగి ఆలోచిస్తుంటే, మిగతాది నేనే చెప్పేద్దామని నోరు దురద పెట్టేది. ఒకరోజు అతను, తాజ్‌మహల్ కట్టించింది అక్బర్ అని చెప్పాడు. నాలో నేను నవ్వుకుని షాజహాన్ అని రాశాను. పైకి చదవమంటే చదివి, మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

"నేనేటి చెప్పేను?"

"అక్బర్ అన్నావు. తప్పు కదా అన్నయ్యా, అందుకే మార్చీసేను."

"అచ్ఛా. తప్పని నాకు తెలీదేటి? నువ్వేటి చేస్తావో చూద్దామనే అలగ చెప్పేను."

నా మొహం చిన్నబోయింది. అతనికది కనపడకపోయినా తెలిసినట్టుంది, గొంతు తగ్గించాడు. మెట్రిక్‌లో తనకి రాసినవాడు చాలా మంచివాడట. ఆ రైటర్ తనకి తెలిసినవన్నీ కూడా కలిపి రాసేశాడట. ఫస్ట్ క్లాసు వచ్చింది, ఇంట్లో అందరూ మురిసిపోయారు. "అందులో నా మార్కులెన్నో నాకిప్పటికీ తెలీదు. నీ చెయ్యి చాలు బుజ్జీ, నీ బుర్ర నాకొద్దు."

చరిత్ర పరీక్షరోజు మమ్మల్నిద్దర్నీ విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఇన్విజిలేటర్‌గా వచ్చిన ఆయనకి తెలుగు రాదు. ఈ గదిలో హిందీ తప్ప మరో భాష వినపడితే పేపరు తీసేసుకుంటానని ముందే చెప్పాడు. అన్నయ్య అడిగితే రాసింది చదివి వినిపించవచ్చు. అంతకుమించి నేనేమీ అనకూడదు.

మొదట్లో బాగానే సాగింది. బెంగాల్‌లో పన్నులు వసూలుచేసే దివానీ హక్కు కంపెనీకి ఎలా వచ్చిందన్న ప్రశ్న దగ్గర, బక్సర్ యుద్ధం అనాల్సినచోట అన్నయ్య ప్లాసీ అన్నాడు. ఆ ఏడాది అది మా పాఠంలోనూ ఉంది. నా కలం ఆగిపోయింది. ఇదీ నన్ను పరీక్షించడానికేనా అనుకున్నాను. కానీ ఇక్కడెందుకు పరీక్షిస్తాడు? నిజంగానే పొరబడ్డాడు.

"లిఖ్ లియా?" అని అడిగాడు.

రాయలేదు. ఇన్విజిలేటర్ నా వంకే చూస్తున్నాడు. అరచేతికి చెమట పట్టి కలం జారుతోంది. ఒక్క మాట మార్చడం ఎంతసేపు? ఎవరికి తెలుస్తుంది? బయట షంటింగ్ ఇంజన్ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. ప్లాసీ అని రాసి, రాశానన్నాను. ఒకసారి చదవమంటాడేమో, అప్పుడైనా పట్టుకుంటాడేమోనని ఆశ. అడగలేదు. ఆ మాట మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా అదే రాశాను. మా కోసం ఇచ్చిన అదనపు సమయం కూడా అయిపోయింది. పేపరు తీసుకెళ్ళిపోయారు.

రిక్షా ఎక్కగానే ఏడుపు ఆగలేదు.

"ఏటే, ఏటైంది?" అన్నాడు కంగారుగా. చెప్పాను. "బక్సర్! ఛ, బక్సరే కదా!" అని నుదురు కొట్టుకున్నాడు. మార్చేయాల్సిందని అంటాడేమోనని బిక్కచచ్చి కూర్చున్నాను.

"నేను చెప్పిందే రాసేవా?" అన్నాడు చివరికి.

"ఆ."

"అన్నిచోట్లా?"

"అన్నిచోట్లా."

అతని చెయ్యి గాలిలో వెతికి నా భుజం మీద ఆగింది. "తరవాత పేపరుకి కూడా వస్తావు కదా?" అన్నాడు.

అన్ని పేపర్లకీ నేనే వెళ్ళాను. చరిత్రలో మార్కులు తగ్గాయి, సెకండ్ క్లాసే వచ్చింది. ఆ ఏడు బి.ఎడ్. సీటు దొరకలేదు. వాళ్ళమ్మ దిగులుపడితే అతను, ఇవన్నీ నా మార్కులేనమ్మా అని నవ్వాడు. మరుసటి ఏడు సీటు దొరికింది. చాలా ఏళ్ళు పిల్లలకి చరిత్రే చెప్పాడు.

ఇప్పుడు బిలాస్‌పూర్ పక్కనే ఉస్లాపూర్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. పక్షవాతం వచ్చాక మావారికి మాట నెమ్మదించింది. ఏదో చెప్పబోయి ఆగిపోతారు. పిల్లలు ప్రేమకొద్దీ, నీళ్ళా, పేపరా, పడుకుంటారా అని వరసగా అందిస్తారు. ఆయన విసిగి ఊరుకుంటారు. నేను వాళ్ళని ఆగమంటాను. ఆయన వెతుకుతున్న మాట నాకు తెలిసిపోయిందనే అనిపిస్తుంది, నాలుక చివరిదాకా వస్తుంది. నా కాళ్ళు ఈనాటికీ ఊరుకోవు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంటాను. ఆయనే వెతుక్కుని, ఆయన నోటితోనే చెబుతారు. చాలాసార్లు అది నేననుకున్న మాట కాదు.