ఆపా అడిగిన పక్కసందు తలుపు

పొద్దున్నే ఫోను మోగితే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలాకాలమైంది గాని, ఆ దడ మాత్రం నన్ను వదల్లేదు. పోయిన నెల అలాగే మోగింది. ఆపా కోడలు. "ఆంటీ, అమ్మీ ఎల్లిపోనాది. తెల్లారి నమాజుకి లెగనేదేటని సూడ్డానికెల్తే..." అని, ఆపైన మాట రాక ఫోను పక్కన పెట్టేసింది. పెట్టడమూ సరిగా పెట్టలేదు. ఆ ఇంట్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, మగవాళ్లకి కబురంపమని ఎవరో ఒడియాలో అనడం, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. నేను వింటూ అలాగే నిలబడిపోయాను.

నేను వెళ్లేసరికి ఇంటినిండా ఆడవాళ్లు. ఆపాకి స్నానం చేయించి తెల్లబట్ట చుట్టేశారు. మధ్యాహ్నం మగవాళ్లు వచ్చి జనాజా మంచాన్ని భుజాలకెత్తుకుని మసీదుకి తీసుకెళ్లారు. మేం గుమ్మం దగ్గరే ఆగిపోయి, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూశాం. అప్పుడు కోడలు నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది. "ఆంటీ, ఇప్పుడా మసీదు పక్కసందు తలుపు ఉంచుతారా, మూసెస్తారా?"

మనిషి పోయిన పూట అడిగే మాటేనా అని మీకనిపించవచ్చు. నా మనసులోనూ పొద్దుటినుంచి అదే తిరుగుతోంది గనక నాకు వింతగా తోచలేదు.

ఆపా అంటే అక్క. మా వీధిలో ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా ఆవిడని ఆపా అనే పిలిచేవారు. పుట్టింది రంభ అనే ఊళ్లో. చిలికా సరస్సులో వలలేసే తెలుగు కుటుంబాల మధ్య పెరిగింది. మాది తరాలుగా బరంపురంలో స్థిరపడ్డ ఇల్లు. మా తెలుగులో పుస్తకాల వాసన ఉంటుంది. ఆవిడ తెలుగులో చేపల రేవు ఉండేది. కొడుకు చిన్నవాడుగా ఉండగానే భర్త పోతే నర్సు చదువు చదివి, ఒక నర్సింగుహోంలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేరింది. అక్కడే నేను రక్తపరీక్షలు చేసేదాన్ని. ఇద్దరి ఇళ్లూ పక్కపక్కనే, ఇద్దరికీ ఒకటే రిక్షా.

సూది వేసేటప్పుడు మిగతా నర్సులు "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అనేవారు. ఆపా మాత్రం "నొప్పెడతాది, కాసేపే" అని ముందే చెప్పేసేది. ఎందుకలా భయపెడతారు ఆపా అంటే, "ఒకసారి అబద్ధమాడితే రెండోసారి సెయ్యియ్యరు సెల్లీ" అనేది.

అలాగని ధైర్యవంతురాలని అనుకోకండి. నేను చూసినవాళ్లలో అంత కంగారు మనిషి ఇంకొకరు లేరు. గ్యాసు కట్టానో లేదో అని సగం దారిలో రిక్షా వెనక్కి తిప్పించేది. కొడుకు రావడం కాస్త ఆలస్యమైతే వీధి మొదట్లోకి వెళ్లి నిలబడేది. ఉరుము ఉరిమితే నా చెయ్యి పట్టుకునేది. అటువంటి మనిషి మసీదు గేటు ముందు నిలబడి ఒక తల్లి కోసం చోటు అడిగిందంటే, ఎంత భయపడుతూ అడిగిందో పక్కన నిలబడినదాన్ని గనక నాకు తెలుసు.

ఒకరోజు భంజనగర్ అవతల ఒక పల్లెనుంచి ఒక తల్లి చిన్న కూతుర్ని తీసుకొచ్చింది. కడుపులో పేగు చిల్లుపడింది, వెంటనే కొయ్యాలన్నారు. భర్త సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తున్నాడు. అతనికి కబురెళ్లి, అతను రైలెక్కి వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదు. ముసలి అత్త తప్ప తోడు లేదు. పిల్లని థియేటర్‌లోకి తీసుకెళ్లగానే ఆ తల్లి ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి నేను లాబులోంచి వస్తుంటే మెట్లమీద కూర్చుని ఉంది. ఆ వేళ డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరుతున్న ఆపా ఆవిడ ముందు గొంతుక్కూర్చుని ఒడియాలో ఏమైందని అడిగింది.

ఎదురు వీధిలోని మసీదుకి వెళ్లిందట. బిడ్డని కోస్తున్నంతసేపూ అల్లా ఇంట్లో తల ఆన్చి ఉంటానని వెళ్లిందట. గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. "ఇక్కడే నమాజు చదువుకో, మా వెనక గదిలో చదువుకో" అని ఆపా అంది. థియేటర్ వెనక దుప్పట్లు పెట్టే గదిలో ఆపా రోజూ నమాజు చేసుకునేది. ఆ తల్లి తల అడ్డంగా ఊపింది. గోడకవతల కూతురు ఉంటే ఆ గదిలో నోట ఒక్క ముక్క రాదంది.

ఆపా లేచి పైట తలమీదికి లాక్కుంది. "సెల్లీ, నువ్వూ రా. ఇద్దరుంటే కాళ్లు నిలబడతాయి" అంది.

గేటు దగ్గర అజాన్ చెప్పే పెద్దాయన ఉన్నాడు. ఇచ్ఛాపురం వైపు మనిషి, తెలుగొచ్చు. "ఇప్పుడే సెప్పాను గదమ్మా ఆవిడికి. ఆడోల్లకి ఇక్కడ సోటు నేదు. ఇంటికాడ సదువుకోండి" అన్నాడు.

"దీని ఇల్లు భంజనగర్ అవతల ఉంది బాబా. ఎల్లొచ్చీసరికి బిడ్డ ఉంటాదో నేదో."

"నాను కాదన్నానా? కమిటీవోల్లనడగాల."

"అడగండి. కత్తి ఆగదు గదా."

లోపలికి వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే ఆగడం మొదలుపెట్టారు. ఎవరూ అరవలేదు గాని, అందరూ మావైపే చూస్తున్నారు. బొట్టు పెట్టుకున్నదాన్ని నేనెందుకున్నానా అని కూడా చూస్తున్నారు. ఇది పెద్దదైతే? రేపు ఆపా కొడుకుని ఎవరైనా ఏమైనా అంటే? లోపల పిల్ల సంగతేమైందో? ఆ తల్లి అదేమీ చూడటంలేదు, ఆసుపత్రి వైపే చూస్తోంది. ఆపా గొంతు తగ్గించింది. "లోపలికి రానియ్యొద్దు బాబా. ఒక గోడ సూపించండి సాలు."

ఆ పెద్దాయన ఒకసారి ఆసుపత్రి వైపు చూశాడు. తర్వాత గేటు వదిలేసి, గోడ వెంట పక్కసందులోకి నడిచి, తుప్పు పట్టిన ఒక చిన్న తలుపు తోశాడు. లోపల జనాజా మంచం, చుట్టిన చాపలు, దుమ్ము. "బేగి కానియ్యండమ్మా" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తల్లి లోపలికి వెళ్లింది. నుదురు నేలకి ఆనించి సజ్దాలోకి వంగినావిడ ఎంతకీ లేవలేదు. మేమిద్దరం తలుపుకి అడ్డంగా నిలబడ్డాం. సందు మొదట సైకిలు బెల్లు మోగితే ఆపా ఉలిక్కిపడింది.

పిల్ల బతికింది. బతుకుతుందని డాక్టరు చెప్పడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లూ ఎవరికీ నిద్రలేదు. ఆ తర్వాత ఆసుపత్రిలో అందరూ ఆ నమాజు మహిమే అన్నారు. ఆపాకి ఆ మాట నచ్చలేదు. "పిల్ల బతికింది గనక ఆ గది కావాలని అడగడం నేదు సెల్లీ. సచ్చిపోయినా అడిగుందును. అప్పుడింకా గట్టిగా అడిగుందును."

అడిగింది. ఆసుపత్రులకొచ్చే ఆడవాళ్ల నమాజుకి ఆ గది ఇమ్మని కమిటీనే అడిగింది. ఇంట్లో మంట రేగింది. కొడుకు ఆ మసీదులోనే నమాజు చేస్తాడు. అతను పనిచేసే దుకాణంలో ఇద్దరు ముగ్గురు సలాం చెప్పడం మానేశారు. ఒక సాయంత్రం నేను వాళ్లింట్లో అప్పడాలు తీసుకుందామని వెళ్లేసరికి తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

"నువ్వు సేసింది తప్పని నాననడం నేదమ్మీ. రేపు సుక్కురారం జుమ్మాకి నాను ఆళ్ల మధ్యన లైన్లో నిలబడాల."

"నిలబడు నాయనా. నీకు నిలబడ్డానికి లైనుంది."

కొడుకు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆపా అప్పడాల పొట్లం కట్టి, విప్పి, మళ్లీ కట్టింది. "ఆడికేటైనా అయితే నాను బతకను సెల్లీ" అంది. అడగడం మానేద్దామా ఆపా అంటే పొట్లం నా చేతిలో పెట్టింది.

ఇమాం దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లింది. కటక్ వైపునుంచి వచ్చిన కుర్రాయన, కొత్తగా చేరాడు. వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. నాకు అర్థం కావాలని కాబోలు ఉర్దూలో కాక ఒడియాలోనే మాట్లాడాడు. ధర్మంలో అడ్డు లేదన్నాడు. పూర్వం ఆడవాళ్లు మసీదుకి వచ్చేవారని తనకి తెలుసునన్నాడు. కాని ఇల్లే మేలని పెద్దలంటారు, ఇక్కడ అదే అలవాటు, తాను ఔనంటే సగంమంది తన వెనక నిలబడరన్నాడు.

"ఇంటికాడున్నదానికి ఇల్లే మేలు. నాను కాదన్ను. ఇల్లిడిసి ఒచ్చినదాని సంగతేటి?" అంది ఆపా. మళ్లీ తనే అంది. "సచ్చినాకైతే ఆడదాన్ని మోసుకొచ్చి మరీ మసీదుకి తెస్తారు. బతికుండగా నడిసొస్తే ఏల కాదు బాబూ?"

ఆయన గ్లాసు కిందపెట్టాడు. ఆపా ముందుకి వంగి అడిగింది. "నీకూ భయమేనా?"

"భయమే ఆపా. కొత్తవాణ్ణి."

"అయితే ఇద్దరం భయపడుతూనే సేద్దాం."

అప్పుడాయన నవ్వాడు.

అయినా పని వెంటనే కాలేదు. కమిటీ ఒకసారి ఔనంది, ఒకసారి పండగ వెళ్లాక చూద్దామంది, ఒకసారి అసలు ఆ మాటే ఎత్తలేదు. ప్రతి జుమ్మా రోజూ ఆపా ఏం వింటానోనని కొడుకు మొహం చూస్తూ కూర్చునేది. చివరికి ఒప్పుకున్నారు. జనాజా మంచం వేరేచోటికి మార్చి, పక్కసందు గదికి సున్నం కొట్టించి, పరదా కట్టారు. ఆసుపత్రులకొచ్చిన ఊరుగాని ఊరు ఆడవాళ్లకి మాత్రమే. మధ్యాహ్నం, సాయంత్రం నమాజులకి మాత్రమే. జుమ్మాకి కాదు. ఇదేం న్యాయం ఆపా, సగమే ఇచ్చారుగా అని నేను రెచ్చిపోయాను. "సగం తలుపు తీసినోల్లని ఒక్కసారిగా తొయ్యకూడదు సెల్లీ. లోపలున్నోల్ల ముక్కుకి తగుల్తాది" అంది.

తలుపు తీసిన మొదటి రోజుల్లో ఒక్కరూ రాలేదు. అది ఇంకో దిగులు. ఎవరూ రావడంలేదు గదా అని మూసేస్తే? అందుకని డ్యూటీ లేనప్పుడల్లా ఆపాయే వెళ్లి ఆ గదిలో నమాజు చేసుకునేది. వార్డుల్లో మంచం మంచానికీ తిరిగి, "ఎదురు ఈదిలో గదుంది, ఎల్లండి" అని చెవిలో చెప్పేది. రంభనుంచి కాన్పుకొచ్చిన కూతురితో ఒక అమ్మ వెళ్లింది. హుమ్మ ఊరి ఉప్పుమళ్లలో పనిచేసే ఒకావిడ, భర్త కాలు తీసేస్తున్నారని ఏడుస్తూ వెళ్లింది. తిరిగొచ్చి కళ్లు తుడుచుకుని ఫ్లాస్కులో టీ తెచ్చుకుంది. ఆ తర్వాత లెక్క ఎవరూ పెట్టలేదు. ఒక వర్షాకాలం పైకప్పు బాగుచేస్తూ ఆ గదిలో సిమెంటు బస్తాలు వేశారు. పని అయిపోయాక కూడా బస్తాలు కదల్లేదు. ఆపాకి అన్నం సహించలేదు. ఈసారి కమిటీవాళ్లతో మాట్లాడింది కొడుకే. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. బస్తాలు కదిలాక అజాన్ పెద్దాయన చెబితే తెలిసింది. ఆ రాత్రి భోజనంలో కొడుకు కంచంలో ఎండుచేపల కూర రెండుసార్లు వడ్డించిందట. ఇది కోడలు చెప్పిన మాట.

మోకాళ్లు పట్టేసి ఇల్లు కదలలేకపోయాక నేనెప్పుడు వెళ్లినా ముందదే అడిగేది. "ఇయ్యాల తెరిసుందా సెల్లీ?" ఉంది ఆపా అంటే, "నువ్వు సూసినావా, ఎవులన్నా సెప్పినారా?" అనేది. ఆ తలుపుకి రాసిచ్చిన కాగితమేదీ లేదు. ఇచ్చినవాళ్లు మనుషులు, ఆ మనుషులు మారుతున్నారు. ఆ ఇమాం ఎప్పుడో వేరే ఊరు వెళ్లిపోయాడు. పెద్దాయన పోయాడు. కమిటీలో కొత్తవాళ్లొచ్చారు. అడిగే మనిషి ఉన్నంతకాలం మొహమాటానికైనా తీసి ఉంచారేమో, ఇక అడిగేవాళ్లెవరని ఆవిడ దిగులు. చివరిసారి నేను లేచి వస్తుంటే, "బలమైనోల్లకి తలుపులవసరం నేదు సెల్లీ, ఎక్కడన్నా నిలబడతారు" అని, ఇంకేదో చెప్పబోయి దగ్గొచ్చి ఆగిపోయింది.

ఆవిడ పోయాక కొన్నాళ్లు ఆ వీధివైపు వెళ్లబుద్ధి కాలేదు. మొన్న మధ్యాహ్నం ఎండలో వెళ్లాను. గొళ్లెం పెట్టి ఉంటే కోడలితో ఏం చెప్పాలో వెతుక్కుంటూ సందు మలుపు తిరిగాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. గడప దగ్గర ఒక పడుచుపిల్ల నిలబడి ఉంది. ఎవరికో తోడుగా వచ్చినదానిలా లేదు, తనే రోగి. ఎడమచేతికి సెలైన్ సూది, దానిమీద ప్లాస్టరు. ఆ చేతిని తడి తగలకుండా పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో నీళ్లసీసా మూత తిప్పలేక అవస్థపడుతోంది. నన్ను చూసి, లోపలికి వెళ్లొచ్చునా అని ఒడియాలో అడిగింది.

వెళ్లొచ్చన్నాను. సీసా తీసుకుని మూత తీశాను. నమాజుకి ముందు కడుక్కునే ఆ వజూకి నీళ్లు ఎంతెంత పొయ్యాలో నాకు తెలియదు. తను దోసిలి చూపించినప్పుడల్లా పోశాను. కుడిచెయ్యి కడుక్కుంది. మొహం కడుక్కుంది. ప్లాస్టరున్న చేతిమీద తడివేళ్లతో ఊరికే అలా రాసుకుంది. వంగలేకపోతుంటే నేనే వంగి పాదాలమీద పోశాను. పరదా పక్కకి తొలగించుకుని లోపలికి వెళ్లింది. ఖాళీ సీసా పట్టుకుని నేను సందులోనే నిలబడ్డాను. వేడెక్కిన సిమెంటుమీద తన తడి అడుగులు గడపదాకా ఉన్నాయి, అంచులనుంచి ఆరిపోతూ.