బండికి పెట్టిన వాత

ఈ ఉదయం పక్కింటాయన పాత స్కూటరు చలికి స్టార్టు కాక, వీధంతా పచ్చి పెట్రోలు వాసన. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

నెల్లిమర్లలో నాన్నకూ అలాంటి బండే ఉండేది. మంచు కురిసే పొద్దుల్లో చోకు లాగి, బండిని ఓ పక్కకి వంచి, కిక్కు మీద కిక్కు కొట్టేవాడు. ఓరోజు అదీ పనిచెయ్యలేదు. మిల్లు గేటు మూసేస్తే షిఫ్టు పోయినట్టే. నాన్న బండిలోంచి చిన్న ఇనప ముక్క ఊడదీసి అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని పట్టకారుతో పొయ్యి మంటలో పెట్టింది.

అంతకుముందు నాకు కామెర్లొచ్చినప్పుడు నాన్నమ్మ ఇలాగే ఇనుము కాల్చి నా పొట్ట మీద వాత పెట్టింది. ఇప్పుడేమో నాకు దగ్గు.

"నాకేటీ నేదమ్మా, దగ్గు తగ్గిపోనాది!" అంటూ మంచం కిందికి దూరాను.

"ఒసే, నీకు కాదే, బండికి!" అంది అమ్మ.

బండికి వాతా? నాన్న ఆ వేడి ముక్కని బిగించి ఒక్క కిక్కు కొట్టాడు. బండి దడదడలాడింది.

"సూసినావా, నయమైపోనాది!" అన్నాడు.

బండికీ కామెర్లే కాబోలనుకున్నాను చాన్నాళ్లు. ఆ ఇనప ముక్క ప్లగ్గనీ, పెట్రోలుకి తడిసినప్పుడు కాలిస్తే ఆరుతుందనీ పెద్దయ్యాక తెలిసింది. నా పొట్ట మీది మచ్చ దేన్ని ఆరబెట్టిందో మాత్రం ఇప్పటికీ తెలీదు.